కంచె అవతలివారు పెట్టిన పేరు

ఒక కళారూపానికి పేరు పెట్టేదెవరు? పశ్చిమ ఆఫ్రికా ‘హైలైఫ్’ సంగీత చరిత్ర చదివినప్పుడల్లా నాకీ ప్రశ్న ఎదురవుతుంది. ఆ సంగీతానికి రారాజుగా పేరుపొందిన ఈ.టి. మెన్సా (1919–1996) జీవితాన్ని ఈ ప్రశ్న వెలుగులో పరిశీలించడం అవసరమనుకుంటాను.

మెన్సా పుట్టిన గోల్డ్ కోస్ట్ అప్పుడు బ్రిటిష్ వలస. 1920ల తొలినాళ్లలో అక్రా నగరంలోని రాడ్జర్ క్లబ్బు వంటిచోట్ల చదువుకున్న ఆఫ్రికన్ కుటుంబాలవారు పాశ్చాత్య పద్ధతిలో జంటలుగా నాట్యమాడేవారు. ప్రవేశ రుసుము సుమారు ఏడున్నర షిల్లింగులు. దానికితోడు దొరల ఫక్కీ దుస్తులు తప్పనిసరి. అంత స్తోమత లేనివారు బయట గుమిగూడి చూసేవారు. లోపలి వైభవాన్ని చూసి ‘హైలైఫ్’, అంటే గొప్పవాళ్ల బతుకు, అన్నది వాళ్లే. మెన్సా అన్న యెబువా 1973లో పరిశోధకుడు జాన్ కాలిన్స్‌కు ఈ సంగతి చెప్పాడు. ఆ మాటలో ఆశ ఎంత ఉందో ఎత్తిపొడుపూ అంతే ఉందని నా అభిప్రాయం.

జో లాంప్టీ అనే ఉపాధ్యాయుడి అక్రా ఆర్కెస్ట్రాలో బాల్యంలోనే చేరిన మెన్సా, వృత్తిరీత్యా ఫార్మసిస్టు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అక్రాలో విడిది చేసిన విదేశీ సైనికులతో కలిసి వాయించి జాజ్ మెళకువలు నేర్చాడు. యుద్ధానంతరం ‘టెంపోస్’ బృందానికి నాయకుడయ్యాడు. పెద్ద ఆర్కెస్ట్రా స్థానంలో చిన్న బృందం వచ్చింది. డ్రమ్ములు వాయించే గై వారెన్ లండన్ నుంచి క్యూబా, కరేబియన్ లయలు తెచ్చాడు. అన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి: గా, ట్వి, ఫాంటే, ఎవే భాషల పాటలు నాట్యశాలలో ప్రవేశించాయి. దొరల దుస్తులు అడిగిన చోట జనం భాష వినిపించింది!

1952 నుంచి డెక్కా కంపెనీ రికార్డులు ఆ పాటలను నాట్యశాల గోడలు దాటించాయి. నైజీరియా పర్యటనలతో అక్కడి బృందాలూ ఈ బాణీని అందుకున్నాయి. 1956లో అక్రా వచ్చిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మెన్సాతో కలిసి వాయించాడు. 1957లో దేశం ఘనాగా స్వతంత్రమైనప్పుడు మెన్సా ‘ఘనా ఫ్రీడమ్’ పాట ఆ ఉత్సాహానికి గొంతునిచ్చింది.

అయితే, మెన్సాను ప్రజాకళాకారుడని ప్రశంసించి ఊరుకుంటే చరిత్ర సగమే చెప్పినట్టు. ఆయన కంచెను సడలించాడే గాని తొలగించలేదు. నాట్యశాలకు టిక్కెట్టు ఉండనే ఉంది. పల్లెలకు హైలైఫ్‌ను చేరవేసినవి గిటార్ బృందాలు. 1952లో ఇ.కె. న్యామే స్థాపించిన ‘అకాన్ ట్రయో’ ట్వి భాషలో నాటకాన్నీ గిటార్ పాటనూ జోడించింది. ఈ రెండు పాయలనూ కలిపి చూడని విమర్శ ఏకపక్షమవుతుంది.

నాట్యశాలల వైభవం నిలవలేదు. 1970లలో ఆర్థిక సంక్షోభం, 1981 డిసెంబరు 31 సైనిక తిరుగుబాటు తర్వాత విధించిన కర్ఫ్యూ రాత్రి సంగీతాన్ని దెబ్బతీశాయి. 1986లో మెన్సా పాత పాటలు బ్రిటన్‌లో మళ్లీ రికార్డుగా వెలువడి కొత్త శ్రోతలను సంపాదించాయి.

కళాచరిత్ర రాసేవారు వేదిక మీది వారితో ఆగిపోకూడదు. క్లబ్బు బయట నిలబడ్డవారి పేర్లు ఏ రికార్డు మీదా లేవు. ఆ సంగీతాన్ని నేటికీ ప్రపంచం పిలుస్తున్నది మాత్రం వారు పెట్టిన పేరుతోనే.