పందెం పుంజు నుంచి ఫారం కోడి దాకా: మన షెడ్డులో కోడి పుట్టుపూర్వోత్తరాలు



మొన్న మా ఊళ్ళో పెళ్ళి భోజనాల దగ్గర పక్కన కూర్చున్న కుర్రాడు, బాగా చదువుకున్నవాడే, ముక్క పక్కకి నెట్టి "బాబాయ్, ఫారం కోళ్ళకి ఇంజక్షన్లు పొడిచి నలభై రోజుల్లో పెంచుతారంట కదా" అన్నాడు. షెడ్డు నడిపే నన్నే అడిగాడు ఆ మాట. ఐదు వేల పిల్లల్ని ఒక్కోదాన్నీ పట్టుకుని రోజూ సూది పొడవాలంటే ఎంతమంది కూలీలు కావాలి? మనకొచ్చే పెంపకం చార్జీలో అది గిట్టే పనేనా? పోనీ మేతలో కలుపుతారా అంటే, పెరుగుదల హార్మోను మాంసకృత్తి లాంటిది, కడుపులోకి పోతే అరిగిపోతుంది. పని చెయ్యదు.

అక్కడ నవ్వి ఊరుకున్నాను గానీ ఇంటికొచ్చాక అనిపించింది. మరి ఈ కోడి ఇంత తొందరగా ఎట్లా పెరుగుతోంది? దీని కథ మనలో ఎంతమందికి తెలుసు? పిల్లలు డబ్బాల్లో వస్తాయి, బ్రూడింగ్ చేస్తాం, లిఫ్టింగ్ అయిపోతుంది, ఊక మారుస్తాం, మళ్ళీ డబ్బాలు. ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగం. నాకు తెలిసినంత రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

అసలు వందేళ్ళ కిందట మాంసం కోసమే కోళ్ళని పెంచడం అనేది దాదాపు లేదు. అమెరికాలోనూ అంతే. గుడ్ల కోసం పెంచేవాళ్ళు, ముసలి పెట్టనీ అక్కర్లేని పుంజునీ కోసుకునేవాళ్ళు. 1923లో డెలావేర్ రాష్ట్రంలో సీలియా స్టీల్ అనే ఆవిడ గుడ్ల కోసం 50 పిల్లలు కావాలని హ్యాచరీకి చెప్పింది. వాళ్ళు పొరపాటున 500 పంపారు. ఆవిడ తిప్పి పంపకుండా చిన్న కొట్టం వేసి పెంచింది. 18 వారాలకి 387 మిగిలాయి. ఒక్కోటి కిలో తూగింది. మంచి రేటు పలికింది. మరుసటి ఏడు వెయ్యి పిల్లలు వేసింది. 1926 కల్లా పదివేల కోళ్ళ షెడ్డు కట్టింది. ఆ మొదటి కొట్టం, 16 అడుగులకి 16 అడుగులది, ఇప్పటికీ అక్కడ చారిత్రక కట్టడంగా దాచి ఉంచారు.

ఆ రోజుల లెక్క చూడండి. 1925 ప్రాంతంలో అమెరికాలో కోడి ఒక కిలో నూటపాతిక గ్రాములు తూగడానికి 112 రోజులు పట్టేది. కిలో బరువుకి 4.7 కిలోల మేత తినేది. నూటికి 18 చచ్చేవి. ఈ లెక్కలతో ఇవాళ మనం బ్యాచ్ తీస్తే సూపర్‌వైజర్ మన షెడ్డు మెట్టు ఎక్కడు!

అసలు మలుపు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. యుద్ధకాలంలో అక్కడ గొడ్డుమాంసం, పందిమాంసం రేషన్‌లో పెట్టారు, జనం కోడికి అలవాటు పడ్డారు. యుద్ధం అయిపోతే మళ్ళీ వెనక్కి పోతారేమోనని కోళ్ళ వ్యాపారులకి భయం. అప్పుడు ఏ అండ్ పీ అనే పెద్ద కిరాణా దుకాణాల సంస్థ, అమెరికా వ్యవసాయ శాఖ కలిసి ఒక పోటీ పెట్టాయి. దాని పేరు 'రేపటి కోడి' పోటీ. రొమ్ము వెడల్పుగా, తొడలు బలంగా, తక్కువ మేతతో తొందరగా ఎదిగే కోడిని ఎవరు తయారు చేస్తారో చూద్దాం అన్నారు.

1946, 47ల్లో రాష్ట్రాల వారీగా పోటీలు జరిగాయి. 1948లో డెలావేర్‌లో చివరి పోటీ. 25 రాష్ట్రాల నుంచి 40 మంది రైతులు తలా 720 గుడ్లు పంపారు. అన్నిటినీ ఒకే చోట పొదిగించి, ఒకే మేత పెట్టి, 12 వారాలు పెంచి, కోసి తూచారు. ఇది బాగా గమనించండి. ఎవరి ఇంట్లో వాళ్ళు పెంచుకుని "నా కోడి గొప్ప" అనుకోవడం కాదు. ఒకే కప్పు కింద, ఒకే మేత మీద, ఒకే తక్కెడ మీద.

గెలిచింది కాలిఫోర్నియాకి చెందిన చార్లెస్ వాంట్రెస్. ఆయన కోడి ఎర్ర కార్నిష్ జాతినీ న్యూ హాంప్‌షైర్ జాతినీ కలిపిన సంకరం. శుద్ధజాతుల్లో పేరు తెచ్చుకుంది కనెక్టికట్‌లోని ఆర్బర్ ఏకర్స్ ఫారం వాళ్ళ తెల్ల రాక్ కోడి. 1951లో ఆర్కాన్సాలో జరిగిన పోటీలో కూడా వాంట్రెస్సే గెలిచాడు. ఆ తర్వాత తండ్రి వైపు కార్నిష్ రకం, తల్లి వైపు రాక్ రకం అనే పద్ధతి స్థిరపడిపోయింది. ఈకలు తెల్లగా ఎందుకంటే, పీకాక చర్మంలో మిగిలిన ఈక మొదళ్ళు నల్లగా కనబడకూడదని. అంతే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ కార్నిష్ ఎవరు?

ఇంగ్లండులో కార్న్‌వాల్ అనే జిల్లా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడివాళ్ళు పందేల కోసం ఒక కొత్త జాతిని తయారు చేసుకున్నారు. అందులో కలిపినవాటిలో ముఖ్యమైంది ఇండియా నుంచి తీసుకెళ్ళిన అసీల్. అవునండీ, మన సంక్రాంతి బరిలో నిలబడే జాతి పుంజు! ఆ కొత్త కోడికి వాళ్ళు పెట్టుకున్న పేరే 'ఇండియన్ గేమ్'. పందేనికి అది అనుకున్నంత పనికిరాలేదు గానీ రొమ్ము మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. అమెరికా వెళ్ళాక పేరులో ఇండియన్ పోయి కార్నిష్ మిగిలింది.

ఇంకోటి. కోడి చర్మానికి, కాళ్ళకి పసుపు రంగు ఇచ్చే జన్యువు మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో శాస్త్రవేత్తలు తేల్చారు. అంటే మన షెడ్డులో ఉన్న ఫారం కోడి రొమ్ములోనూ కాళ్ళ రంగులోనూ మన నేల ఉంది.

సరే, సంకరం చేస్తే ఇంత పెరుగుదల వస్తుందా? ఒక్కసారితో రాదు. తరానికి తరం ఏరుకుంటూ పోవాలి. మా తాత పుంజుల్ని ఏరినట్టే. కాకపోతే తాత చూసింది పౌరుషం, వాళ్ళు చూసింది బరువు. శరీర బరువు అనేది తల్లిదండ్రుల నుంచి పిల్లలకి బాగానే దిగే గుణం. ఆవుకైతే తరం మారాలంటే ఏళ్ళు పడుతుంది, కోడికి ఏడాది చాలు. వేల కోళ్ళని తూచి అన్నిటికన్నా మంచివాటినే తల్లిదండ్రులుగా ఉంచుకుంటూ డెబ్భై ఏళ్ళు పోతే ఎంత తేడా వస్తుందో ఆలోచించండి.

కెనడాలో అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ తేడా తూచి చూపించారు. 1957 నాటి రకాన్ని, 1978 నాటి రకాన్ని, 2005 నాటి రకాన్ని పక్కపక్కన పెట్టి ఒకే మేత పెట్టారు. 56వ రోజుకి మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808 గ్రాములు, మూడోది 4,202 గ్రాములు. మేత ఒక్కటే, రోజులు అవే, మారింది విత్తనం. కుర్రాడి ఇంజక్షన్ ప్రశ్నకి ఇదే జవాబు.

కానీ దేనికైనా ఖరీదు ఉంటుంది కదా. మాంసం పెరిగినంత తొందరగా గుండె, ఊపిరితిత్తులు, కాళ్ళు పెరగలేదు. పొట్టలో నీళ్ళు చేరి చావడం, కాళ్ళు చచ్చుబడి కూలబడటం, ఎండాకాలం మధ్యాహ్నం నోళ్ళు తెరుచుకుని ఒగర్చి ఒగర్చి పోవడం మనకి కొత్త కాదు. ఓ మే నెలలో కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిన పూట, అమ్మకానికి సిద్ధమైన కోళ్ళు నా కళ్ళముందే రాలిపోయాయి. పక్కనే జామచెట్టు కింద నాటుకోళ్ళు మాత్రం రెక్కలు విదుల్చుకుంటూ మట్టిలో పొర్లుతున్నాయి. ఆ దృశ్యం మర్చిపోలేను. తర్వాత్తర్వాత కంపెనీలు కూడా బరువొక్కటే చూస్తే లాభం లేదని కాళ్ళ ఎముకలు ఎక్స్‌రే తీసి, రక్తంలో ప్రాణవాయువు కొలిచి ఏరడం మొదలుపెట్టాయి. కొంత మెరుగైంది. పూర్తిగా పోలేదు.

ఇక మనకి సంబంధించిన అసలు విషయం.

మాంసం బాగా పట్టే కోడి గుడ్లు తక్కువ పెడుతుంది. అందుకే తండ్రి వైపు వేరే వరసలు, తల్లి వైపు వేరే వరసలు విడివిడిగా పెంచుతారు. మూల వరసలు, ముత్తాతలు, తాతలు, తల్లిదండ్రులు, ఆఖర్న మన షెడ్డుకి వచ్చే పిల్ల. మూల వరస కంపెనీ గడప దాటదు. మన దగ్గర పెరిగిన ఫారం పెట్టకి పుంజు కట్టి గుడ్లు పొదిగిస్తే? పిల్లలు వస్తాయి, కానీ ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒక్కటీ తల్లిలా రాదు. హైబ్రిడ్ మొక్కజొన్న గింజ దాచుకుని మళ్ళీ వేస్తే ఏమవుతుందో అదే. విత్తనం తాళంచెవి వాళ్ళ దగ్గరే.

ప్రపంచంలో ఫారం కోడి విత్తనం ఇవాళ ఎక్కువ భాగం రెండు సంస్థల చేతిలో ఉంది. ఏవియాజెన్ ఒకటి, కాబ్ వాంట్రెస్ ఒకటి. రెండో పేరులో 1948 పోటీ విజేత ఇంటిపేరు కనిపిస్తోందా? ఆర్బర్ ఏకర్స్, రాస్ మొదటిదాని కిందకి వచ్చాయి.

మన దేశంలో ఈ పరిశ్రమని నిలబెట్టింది మన తెలుగువాడే. బి.వి. రావు గారు 1971లో పుణేలో వెంకటేశ్వర హ్యాచరీస్ పెట్టారు. మన షెడ్లలో ఎక్కువగా కనబడే వెన్‌కాబ్ పేరులో వెంకటేశ్వరా ఉన్నాడు, కాబ్ కూడా ఉన్నాడు. 1982లో గుడ్ల ధర రైతులే నిర్ణయించుకోవాలని నెక్ పెట్టించిందీ ఆయనే. ఆ మేలు మర్చిపోకూడదు.

ప్రభుత్వం వైపు నుంచి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ళ పరిశోధన సంస్థ ఉంది. పెరట్లో పెంచుకోవడానికి వనరాజా, గ్రామప్రియ, రంగుల ఫారం కోడి కృషిబ్రో వాళ్ళు తయారు చేసినవే. ఫారం కోడితో బరువులో పోటీ పడవు. కానీ పెరట్లో తట్టుకుంటాయి, మిగిలిన అన్నం, గింజలు తిని బతుకుతాయి.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఫారం కోడిని తిట్టడానికి కాదు. నా ఇంటి ఖర్చులు దానిమీదే నడుస్తున్నాయి. పేదవాడి కంచంలోకి మాంసం తెచ్చిందీ అదే. కానీ ఒక్క మాట మనసులో పెట్టుకోండి. వాళ్ళు మన పందెం పుంజుని తీసుకెళ్ళి తూచారు, రాసుకున్నారు, ఏరారు. మనం అదే పుంజుని రంగు చూసి, డేగా కాకా నెమలా అని చూసి ఏరాం. తూకం కాయితం మీద పెట్టలేదు. తేడా అక్కడే వచ్చింది.

పందేలు వెయ్యమని నేను చెప్పను, అది చట్టం ఒప్పుకోని పని. కానీ జాతి కోళ్ళు ఉన్నవాళ్ళు వాటిని పోగొట్టుకోకండి. ఏ పెట్ట ఎన్ని గుడ్లు పెట్టింది, ఎన్ని పిల్లలు బతికాయి, మూడు నెలలకి ఏది ఎంత తూగింది, ఒక నోటుబుక్‌లో రాయండి. నలుగురం కలిసి రాసుకుంటే పదేళ్ళకి మన ఊరికంటూ ఒక మంచి నాటు వరస మిగులుతుంది. నేను ఈ సంక్రాంతి నుంచి మొదలుపెట్టాను. ఆరు పెట్టలు, ఒక పుంజు, ఒక తక్కెడ.

మీ దగ్గర ఎన్ని ఉన్నాయో, ఎట్లా ఏరుతున్నారో కింద రాయండి. ఆ కుర్రాడికి కూడా ఈ పోస్టు పంపించాను, చదివాడో లేదో మరి!