చెయ్యి ఎరగని గింజ

మొన్న నువ్వు కొర్రల్ని కుక్కర్లో పెట్టి, మూడు విజిళ్లు రానిచ్చి, జావ చేసి "ఇదేం తిండి అవ్వా" అన్నావు చూడు, అప్పటినుంచీ నీకీ ముచ్చట చెప్పాలనుకుంటున్నా. తప్పు గింజది కాదు, నీదీ కాదు. అలవాటు లేని ఔపాసనం చేయబోతే మీసాలు కాలాయంటారే, అట్లా. చెయ్యి ఎరగని గింజ ఎవరికైనా అంతే అబ్బీ. పొయ్యి మీద ఎసరు పెట్టాను. అది మరిగేలోపు, ఆ ఫోను పక్కన పెట్టి విను.

మాది అనంతపురం దిక్కు. నా చిన్నతనంలో వరిబువ్వంటే పండక్కి, పెళ్లికి, అల్లుడొచ్చిన పూటకి. తక్కిన రోజులన్నీ రాగిసంగటి, జొన్నరొట్టె, కొర్రబువ్వ. కూలి కూడా గింజల్లోనే కొలిచేవాళ్లు. సంగటి తినేటప్పుడు మా నాయన తలుపు ఓరగా వేయించేవాడు. వరిబువ్వ వండిన రోజు మాత్రం వాకిట్లో కూచుని, దారిన పోయేవాళ్లందర్నీ పలకరిస్తూ తినేవాడు. రోజూ కడుపు నింపేదాన్ని దాచుకోవడం, ఎప్పుడో వచ్చేదాన్ని చూపించుకోవడం, మనుషులు అంతే.

1965, 66ల్లో వానల్లేవు. అమెరికా గోధుమలు ఓడలెక్కి వచ్చి రేషన్ అంగట్లో దిగాయి. పంజాబు వాళ్లకవి పుట్టింటి గింజలు, మాకు ముక్కూమొహం తెలియనివి. మా అమ్మ వాటిని బియ్యంలాగే కడిగి ఎసట్లో పోసింది. పుల్లలు అయిపోయాయి గాని గింజ మెత్తబడలేదు. నమిలి నమిలి నేను కంచం ముందే నిద్రపోయాను. మర్నాడు విసిరి పిండి చేసి, జొన్నపిండికి పోసినట్టే కాగిన నీళ్లు పోసింది. జొన్నలో బంక ఉండదు, వేడినీళ్లు పడితేనే ముద్దకొస్తుంది. చేత్తో తట్టి పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో అద్దాలి. గోధుమలో బంక ఎక్కువ. ఆ వేడికి పిండి వేళ్లకు పట్టుకుని వదిలితే ఒట్టు. ఒత్తడానికి ఇంట్లో కర్రా లేదు, పీటా లేదు. ఊళ్లో రొట్టెలకు పేరుపడ్డ మనిషి, ఆ పూట కళ్లనీళ్లు పెట్టుకుంది.

బడిలో మొక్కజొన్న రవ్వతో పచ్చగా ఉప్మా పెట్టేవాళ్లు, అదీ అమెరికాదే. ఆకలి రుచెరగదంటారు గాని, మా తమ్ముడు కడుపు కాలుతున్నా దాన్ని ముట్టలేదు. మూడోనాడు ఇంటినుంచి ఆకులో ఊరుబిండి పట్టుకెళ్లి నంజుకున్నాడు. ఇక రోజూ లొట్టలే. గింజ కొత్తదైనా, పక్కన ఎరిగిన కారం ఉంటే నాలుక ఒప్పుకుంటుంది.

శ్రీనాథుడంతటి కవికీ ఈ తిప్పలు తప్పలేదు. రెడ్డిరాజుల కొలువులో సన్నబియ్యం తిన్న మనిషి పల్నాడు పోయి జొన్నకూడు మింగుడుపడక, చేతనైతే నువ్వు తిను చూద్దామని సాక్షాత్తూ కృష్ణుణ్ణే సవాలు చేశాడట. ఆ చాటువు విన్నప్పుడల్లా ఆయన మీద జాలేస్తుంది నాకు. సంగటిని నమలకూడదు నాయనా, ముద్ద పులుసులో ముంచి మింగాలి. ఆయనకెవరూ చెప్పలేదేమో. సరే, నేనెక్కడికో పోయాను.

1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చాడు. దానికి ఇప్పటికీ దండం పెడతాను. పస్తులున్న ఇళ్లల్లో పొయ్యి వెలగడం కళ్లారా చూశాను. కానీ తెల్లటి బియ్యం సంచిలో ఇంటికొస్తుంటే కొర్రలు దంచడానికి రోకలి ఎవరు పడతారు? రోళ్లు వాకిట్లో కోళ్లకు నీళ్లతొట్లయ్యాయి. నేనూ దంచడం మానేశాను. మీ నాయన కొర్రబువ్వ ఎరగకుండానే పెరిగాడు. ఒక్క తరం చాలింది, మన గింజ మన వంటింట్లోనే గోధుమంత పరాయిదైంది. మళ్లీ 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. ఇప్పుడు పట్నంలో కొర్రలు బియ్యం కంటే ప్రియం. మా నాయన తలుపేసుకుని తిన్నదాన్ని నువ్వు ఫోటో తీసి ఊరందరికీ పంపుతున్నావు. నాకు సంతోషమే.

అదిగో, ఎసరు కాగింది. పొద్దున్నే నానబెట్టిన కొర్రలు ఆ గిన్నెలో ఉన్నాయి, ఎసట్లో పొయ్యి. గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు. సెగ తగ్గించు. దీనికి విజిల్ ఉండదు, చెవితో కనిపెట్టాలి. కుతకుత ఆగి సన్నగా చిటచిటమంటే నీళ్లు ఇంకినట్టు. అప్పుడు దించి పక్కన పెట్టు, గింజ ఆ ఆవిరికి విచ్చుకుంటుంది. నేను ఊరుబిండి నూరుకొస్తా. నేనొచ్చేదాకా మూత తీయొద్దు.