జఠరవ్రణము: ఒక సూక్ష్మజీవి చరిత్ర

జఠరమందలి ఆమ్లములో ఏ సూక్ష్మజీవియు నిలువజాలదని వైద్యులు చిరకాలము నమ్మిరి. కావున కడుపులో పుండు పడినవానికి దిగులు మానుమనియు, కారము విడువుమనియు, పాలు త్రాగుమనియు చెప్పెడివారు. అప్పటికిని మానని పుండునకు కత్తియే శరణ్యము. జఠరములో కొంత భాగమును కోసి తీసివేసెడివారు. బాధ రోగిదే, నిందయు రోగిదే!

1979వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరములో రాబిన్ వారెన్ అను వైద్యుడు, జఠరపు పొరనుండి తీసిన తునకలను పరీక్షించుచు, వంకర తిరిగిన సూక్ష్మజీవులను గుర్తించెను. 1981లో బారీ మార్షల్ అను యువవైద్యుడు ఆయనతో చేరెను. ఆ జీవులను ప్రయోగశాలలో పెంచుటకు చేసిన యత్నములు మొదట ఫలింపలేదు. రెండు దినములలో ఏమియు కనబడని పళ్లెములను పారవేయుచుండిరి. 1982లో ఈస్టరు సెలవులవలన కొన్ని పళ్లెములు ఐదారు దినములు అట్లే ఉండిపోయెను. తీసి చూడగా జీవులు పెరిగియుండెను! ఫ్లెమింగు పెన్సిలిన్‌ను కనుగొన్నదియు సెలవులనుండి తిరిగివచ్చిన పిమ్మటనే కదా.

1984లో మార్షల్ ఆ జీవులు గల ద్రవమును తానే త్రాగెను. కొలది దినములలో వాంతులు పట్టుకొనెను, జఠరపు పొర వాచెను. పుండు మాత్రము పడలేదు. ఇరువురకును 2005లో నోబెల్ బహుమానము లభించినది.

పుండు పడకపోవుట చిన్న విషయము కాదు. హెలికోబాక్టర్ పైలోరీ అను ఈ జీవి లోకములో ఇంచుమించు సగముమంది కడుపులలో కాపురమున్నది. వారిలో పుండు పడువారు నూటికి పది పదిహేనుగురు. తక్కినవారిని అది ఏల విడిచిపెట్టుచున్నది?

సమాధానములో కొంత జీవి జన్యువులలో దొరకినది. కాగ్-ఏ అను జన్యువును 1993లో వర్ణించిరి. దాని పొరుగున సుమారు ముప్పది జన్యువుల గుంపు ఉన్నట్లు తరువాత తేలినది. ఆ గుంపు సూదివంటి సాధనమును నిర్మించి, కాగ్-ఏ మాంసకృత్తును జఠరకణములోనికి ఎక్కించును. కణము రూపు చెడును, వాపు హెచ్చును. వాక్-ఏ అను మరియొక జన్యువువలన పుట్టు విషము కణములలో బుడగలు లేపును. పాశ్చాత్యదేశములలో కాగ్-ఏ గల జీవులను మోయువారికే పుండ్లు హెచ్చుగా కనబడినవి.

అయితే జపానులో దాదాపు ప్రతి జీవియందును కాగ్-ఏ కలదు, పుండు లేనివారి జీవులలోను కలదు. కలకత్తాలో పరిశీలించినప్పుడును ఇంచుమించు ఇట్లే తేలినది. కనుక ఆ జన్యువును చూపి రోగిని బెదరించుట తగదని మా అభిప్రాయము. మనుష్యుని శరీరతత్త్వము, పొగత్రాగుట కూడ లెక్కకు వచ్చును. నొప్పిమాత్రలవలన పడు పుండ్లు వేరు.

చికిత్సకు జీవి ఉన్నదా లేదా అన్నదే ముఖ్యము. ఉన్నచో కనీసము రెండు యాంటీబయాటిక్ మందులను, ఆమ్లమును తగ్గించు మందుతో కలిపి, సాధారణముగా పదునాలుగు దినములు ఇత్తురు.