సొంత పొలానికి వంతెన: పశ్చిమ ప్రకాశంలో శాసనాలకెక్కని ఒక నిర్మాణం

పశ్చిమ ప్రకాశం ప్రాంత చరిత్ర అనగానే పరిశోధకుల దృష్టి సహజంగా చెరువుల మీదికి పోతుంది. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి నిర్మించిన కంభం చెరువు ఉండగా అది ఆశ్చర్యం కాదు. పుల్లలచెరువు వంటి ఊళ్ళ పేర్లలోనే చెరువు ఉంది. అయితే నల్లమల అంచున ఉన్న ఈ మెట్ట గ్రామాలలో రైతు నిత్యజీవితాన్ని నిర్ణయించే నీటి సమస్య మరొకటి ఉంది. ఏడాదిలో అధికభాగం ఎండి ఉండి, వాన కురిసిన రోజున ఒక్కసారిగా పొంగే వాగు అది. ఆ వాగుకు ఇవతల ఇల్లు, అవతల పొలం. ఈ రెండింటి నడుమ రైతు తన ఖర్చుతో వేసుకునే చిన్న వంతెనకు చరిత్ర ఉన్నదా, ఉంటే దానిని ఏ ఆధారాలలో వెదకాలి అన్నది ఈ వ్యాస విషయం.

ముందు మాటను చూద్దాం. సంస్కృతంలో ‘సేతువు’ అంటే నీటిని ఆపే కట్ట, నీటిని దాటించే వంతెన కూడా. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సేతువు ప్రధానంగా నీటిపారుదల నిర్మాణం. కొత్తగా చెరువులు, కట్టలు నిర్మించిన వారికి అయిదేళ్ళ పన్ను మినహాయింపు ఇవ్వాలని అందులో ఉంది. సొంతంగా నిర్మాణానికి పూనుకొనేవారికి రాజు స్థలం, దారి, చెట్లు, పనిముట్లు సమకూర్చాలని కూడా ఉంది. అంటే వ్యక్తి తన పూనికతో నీటి మీద నిర్మాణం చేయడం మన సంప్రదాయానికి కొత్త కాదు. తెలుగులో ‘తూము’ అన్న మాట కూడా ఇలాగే రెండు పనులు చేస్తుంది. చెరువు నీటిని వదిలేదీ తూమే, బాట కింద నీటిని పోనిచ్చే గొట్టమూ తూమే. ఒక మాట నీటిని నిలపడానికీ దాటడానికీ, మరొక మాట నీటిని పొలానికి వదలడానికీ బాట కింద పంపడానికీ సరిపోవడం గమనార్హం.

కానీ పుణ్యం విషయంలో ఈ సమానత్వం కనిపించదు. సప్తసంతానాలలో పుత్రుడు, తటాకం, కావ్యం, నిధి, అగ్రహారం, దేవాలయం, వనం ఉన్నాయి, వంతెన లేదు. చెరువు తవ్వించినవాడు శాసనం వేయించాడు. వాగు దాటే దారి వేసినవాడికి ఆ అవసరం కలగలేదు. ఈ ప్రాంతానికి దక్షిణాన, కడప జిల్లాలోని పోరుమామిళ్ళ శాసనం (క్రీ.శ. 1369) ఇందుకు చక్కని నిదర్శనం. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువును వర్ణిస్తూ, వెయ్యిమంది కూలీలు రెండేళ్ళు పనిచేశారని, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు వాడారని ఆ శాసనం చెబుతుంది. నూరు బండ్లు రెండేళ్ళపాటు రాళ్ళు తోలాలంటే దారులు ఉండి తీరాలి, ఆ దారులు వాగులనో కాలువలనో దాటి ఉండాలి. వాటి గురించి శాసనంలో ఏమీ లేదు. ఆ మౌనాన్ని నేను విస్మృతిగా భావించను. ఎడ్లబండికి వంతెన అవసరం చాలా తక్కువ. పెద్ద చక్రాలు, తక్కువ బరువు, నీటిలోకి దిగడానికి వెనుదీయని ఎడ్లు. గట్టును కాస్త వాలుగా చెక్కి, అడుగున రాళ్ళు పరిస్తే బండిబాట అయింది. పొలం కాలువ మీదనైతే రెండు నాపరాళ్ళు చాలు.

వంతెనను సమస్యగా మార్చినవి రెండు. ఒకటి చట్టం, రెండవది చక్రం.

దత్తమండలాలలో మన్రో కలెక్టరుగా ఉన్న కాలం (1800-1807) నుండి రైత్వారీ విధానం వేళ్ళూనుకొంది. మార్కాపురం, కంభం ప్రాంతాలు మొదట కడప జిల్లాలో, 1858 నుండి కర్నూలు జిల్లాలో, 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పటి నుండి ఒంగోలు కేంద్రంగా (1972 నుండి ప్రకాశం పేరుతో) ఉంటూ వచ్చాయి. జిల్లాలు మారినా సర్వే లెక్కలలో ఒక గీత మాత్రం మారలేదు. రైతు భూమి పట్టా, వాగు పోరంబోకు. 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం రెండవ సెక్షను నదులు, ఏర్లు, వాగులు, చెరువుల గర్భాలన్నీ, ఇతరుల ఆస్తిగా రుజువైనవి తప్ప, ప్రభుత్వానివేనని స్పష్టంగా ప్రకటించింది. దీని ఫలితం విచిత్రమైనది. రైతు వేసుకున్న వంతెనకు రెండు కొసలూ అతని పట్టా భూమిలో ఉంటాయి, నడుమ భాగం సర్కారు భూమిలో ఉంటుంది. మనం ‘సొంత వంతెన’ అంటున్నది నిజానికి ఖర్చు మేరకే సొంతం.

ఎదుటి భూమి మరొక రైతుదైతే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం వర్తిస్తుంది. అన్నదమ్ముల భాగపంపకాలలో ఒకరి వాటాకు దారి లేకపోతే, రెండవ వాటా మీదుగా అవసరరీత్యా దారి హక్కు ఏర్పడుతుందని 13వ సెక్షను చెబుతుంది. ఇరవై ఏళ్ళు నిరాటంకంగా నడిచిన దారి హక్కుగా స్థిరపడుతుందని 15వ సెక్షను చెబుతుంది. ప్రభుత్వ భూమి విషయంలో ఈ గడువు మొదట అరవై ఏళ్ళు, 1963 తరువాత ముప్పై ఏళ్ళు. మన విషయానికి కీలకమైనవి మాత్రం అంతగా చర్చకు రాని 25, 26 సెక్షన్లు. దారి హక్కును అనుభవించడానికి కావలసిన నిర్మాణం, మరమ్మతు ఖర్చులు హక్కుదారుడే భరించాలి. ఆ నిర్మాణాన్ని సరిగా చూసుకోనందువల్ల ఎదుటి భూమికి నష్టం కలిగితే ఆ బాధ్యతా అతనిదే. ఊళ్ళో పెద్దమనుషుల ముందుకు వచ్చే తగాదాలలో తరచు వినిపించే మాట, ‘నీ తూముల వల్ల నా చేను కోసుకుపోయింది’ అన్నది, సారాంశంలో ఈ సెక్షనే. ఆ మాట అన్నవారికి చట్టం పేరు తెలియకపోవచ్చు.

ఇక చక్రం. ఇనుప పట్టా బండి పోయి టైరు బండి వచ్చినప్పుడు పెద్ద తేడా రాలేదు. ట్రాక్టరు వచ్చాక వాగు గట్టు ఏటవాలు, అడుగున బురద అడ్డంకులయ్యాయి. అయితే ఈ మెట్ట ప్రాంతంలో పొలంలోకి రావలసిన అత్యంత బరువైన వాహనం ట్రాక్టరు కాదు, బోరు లారీ. వాగు అవతలి చేలో మిరపో, బత్తాయో పెట్టాలంటే ముందు బోరు పడాలి, బోరు పడాలంటే లారీ వాగు దాటాలి. నీటి కోసం నీటిని దాటవలసి రావడం ఇక్కడి వ్యవసాయంలోని వైచిత్రి.

ఈ అవసరానికి అందివచ్చిన వస్తువు సిమెంటు తూము. 1910లో ఆస్ట్రేలియాలో వాల్టర్ హ్యూమ్ కనిపెట్టిన పద్ధతిలో తయారయ్యే ఈ గొట్టాలను, 1926లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ఇండియన్ హ్యూమ్ పైప్ కంపెనీ మన దేశంలో ప్రచారంలోకి తెచ్చింది. తాపీ మేస్త్రీకి కమాను కట్టే నేర్పు అక్కరలేకుండా, ఇంజనీరు గీసిన పటం లేకుండా వంతెన సాధ్యమైంది. నష్టం కూడా అక్కడే ఉంది. భారతీయ ప్రమాణాలు ఈ గొట్టాలను బలాన్ని బట్టి ఎన్.పి.2, ఎన్.పి.3, ఎన్.పి.4 వంటి తరగతులుగా విభజించాయి. ఎన్.పి.2 తేలికపాటి రాకపోకలకే తగినది. ధర తక్కువని దానిని కొని, పైన కనీసం రెండడుగుల మట్టి కప్పకుండా లారీని నడిపితే గొట్టం నెర్రె విచ్చుతుంది.

అంతకంటే పెద్ద ప్రశ్న వరద. మద్రాసు రాష్ట్రంలో వాగుల వరదను అంచనా వేయడానికి 1884 నుండి రైవ్స్ సూత్రం వాడుకలో ఉంది. పరీవాహక ప్రాంతాన్ని చదరపు కిలోమీటర్లలో తీసుకొని, దాని మూడింట రెండవ ఘాతాన్ని ఒక గుణకంతో హెచ్చించాలి. తీరానికి 80 నుండి 160 కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్రాంతానికి ఆ గుణకం 8.5, కొండల సమీపంలో 10.2. నాలుగు చదరపు కిలోమీటర్ల చిన్న వాగునే తీసుకుంటే 8.5 గుణకంతో సెకనుకు సుమారు 21 ఘనపు మీటర్ల వరద వస్తుంది. 900 మిల్లీమీటర్ల వ్యాసం గల తూము ఒకటి సెకనుకు రెండు మీటర్లకు పైబడిన వేగంతో నిండుగా పారినా దాదాపు ఒకటిన్నర ఘనపు మీటర్లే పంపగలదు. అంటే పద్నాలుగు తూములు కావాలి. రైతు వేసేది రెండు, మహా అయితే మూడు.

కనుక మంచి మేస్త్రీలు వరదను తూములతో మోయించే ప్రయత్నమే చేయరు. మామూలు పారకానికి రెండు తూములు ఉంచి, పైభాగాన్ని నడుమ పల్లంగా కాంక్రీటుతో చప్టా చేసి, వరద మీదుగా పొర్లిపోనిస్తారు. దిగువ అంచున లోతైన అడ్డగోడ, దాని ముందు బరువైన రాళ్ళు. చప్టా సాధారణంగా దెబ్బతినేది పైనుండి కాదు, దిగువన నీరు పడి తొలిచిన గుంట నుండి. బాటను ఎత్తుగా, గొప్పగా లేపి, దానిని కట్టగా మార్చినవారే ఎగువ రైతు చేను ముంచుతున్నారు. నీటిని దాటడానికి వేసిన నిర్మాణం నీటిని ఆపేదిగా మారడంతో ‘సేతువు’ తన రెండు అర్థాలనూ ఒకేచోట నెరవేర్చుకొంటోంది, ఈసారి తగాదా రూపంలో.

వెలిగొండ కాలువలు పశ్చిమ ప్రకాశంలో పొలాలను చీల్చుకొని సాగుతున్న ఈ కాలంలో ఇదే ప్రశ్న తలకిందులుగా ఎదురవుతోంది. వాగు రైతు పొలాన్ని ప్రకృతిసిద్ధంగా విడదీసింది, కాలువను ప్రభుత్వం తవ్వింది. భూమి విడిపోయినందువల్ల కలిగే నష్టాన్ని పరిహారంలో లెక్కించాలని 1894 భూసేకరణ చట్టంలోనే ఉంది, 2013 చట్టమూ దానిని కొనసాగించింది. ఆ నష్టం డబ్బు రూపంలో రైతుకు చేరుతుంది. వంతెన ప్రాజెక్టు నమూనాలో ఉన్నచోటే వస్తుంది, ఆ చోటు రైతు చేనికి మైళ్ళ దూరంలో ఉండవచ్చు. కాలువ మీద తన ఖర్చుతో తూములు వేసుకొనే వీలు, వాగు మీద ఉన్నట్లుగా, అతనికి లేదు.