ఋణపత్రాలు – వాల్టర్ స్కాట్
స్కాట్లండు భూస్వామి కుటుంబాలు వంశవృక్షాలలో దాచినది ఋణపత్రాలలో బయటపడుతుంది. 1617లో నెలకొన్న సేసిన్ రిజిస్టర్లు భూముల క్రయాలను, తాకట్లను నమోదు చేశాయి. బాకీ తీర్చమన్న రాజాజ్ఞను మీరినవానిని, అంగడి స్తంభం వద్ద దూత మూడుసార్లు కొమ్మూది రాజద్రోహిగా చాటేవాడు. కనుక చెర బాకీకి గాదు, ఆజ్ఞోల్లంఘనకు! ఈ న్యాయచమత్కారాన్ని వాల్టర్ స్కాట్ 1816లో 'ది ఆంటిక్వరీ' నవలలో హాస్యంగా వివరించాడు. 1806 నుండి సెషన్ న్యాయస్థానంలో లేఖకుడైన ఆయనకు ఆ దస్త్రాలు కొత్తవి కావు. పదేండ్లకు, 1826లో, లక్ష పౌన్లు మించిన అప్పు ఆయననే చుట్టుకొన్నది. అబట్స్‌ఫర్డ్ ఎస్టేటును అంతకు ముందటి ఏడే కుమారుని పేర వ్రాసి ఉన్నాడు. ఋణదాతలకు ప్రధానాధారం ఆయన కలమే. 1832లో కన్నుమూసేవరకు వ్రాస్తూ, బాకీ తీరుస్తూ వచ్చాడు. అబట్స్‌ఫర్డ్ వైభవానికి చెల్లిన మూల్యం తెలియాలంటే నవలలతోబాటు ఆ పత్రాలనూ చదవాలి.