విదువా — విధవా

లాటినుభాషలోని 'విదువా' శబ్దము మన 'విధవా' శబ్దమునకుఁ దోడఁబుట్టువు. ధవుఁడు లేనిది విధవ యను వ్యుత్పత్తిని యాస్కుఁడును నిరుక్తమునఁ జెప్పెను. కాని 'వేఱుపడుట' యను ప్రాచీనధాతువే రెంటికిని మూలమనియు, 'ధవ' శబ్దమే విధవనుండి పుట్టెననియు నేఁటి భాషాశాస్త్రజ్ఞులు పలువురు తలంచుచున్నారు. విదువస్, విదువా, విదువమ్ అని లాటినున నిది మూఁడు లింగములందును జెల్లును. భార్యలేనివాఁడు విదువస్, ప్రాఁకుటకుఁ జెట్టులేని ద్రాక్షతీఁగయు విదువా. 533లో వెలసిన జస్టీనియను ధర్మసంగ్రహమునందుఁ బెండ్లియే కాని స్త్రీయు నీపదమున నిమిడినది. అది స్థితిని దెలుపునేగాని దోషమును దెలుపదు. తెలుఁగుననో యదియే 'వెధవ' యను తిట్టై పురుషులకును దగులుచున్నది. 'విధురుఁడు' మాత్రము తిట్టుకాలేదు. ధాతువునందు లేని నింద నాలుకనుండియే వచ్చినది. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు వితంతువివాహము జరిపించిరి. ఈ తిట్టును మన యిండ్లనుండి వెడలించు పని యింకను మిగిలియున్నదని మేము తలంతుము.