సొంత పార్టీనే నిలదీసిన రోజులు – 1962



మొన్న తారానగర్‌లో జరిగిన మన సమావేశంలో ఒక తమ్ముడు లేచి ఖర్చుల లెక్క అడిగాడు. "మనవాడివై ఉండి నువ్వే ఇలా అడిగితే ఎలా?" అని నలుగురు కసురుకున్నారు. ఆ రాత్రి నాకు 1962 గుర్తుకొచ్చింది.

ఆ ఏడాది అక్టోబరు 20న చైనా సైన్యం అటు లడఖ్‌లోనూ ఇటు నేఫాలోనూ (నేటి అరుణాచల్ ప్రదేశ్) ఒకేసారి దాడి చేసింది. మన జవాన్లకు ఆ కొండల చలికి తగిన బట్టలు లేవు, చేతిలో పాత తుపాకులు. రక్షణ మంత్రి వి.కె. కృష్ణ మేనన్ గారు ప్రధాని నెహ్రూ గారికి బాగా దగ్గరివారు. ఆయన్ని తప్పించమని ప్రతిపక్షం అడగడంలో వింత లేదు. కాంగ్రెస్ ఎంపీలే అడిగారు, అదీ వింత.

అప్పటి కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడు మన పక్క జిల్లా కర్నూలు, పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య గారు. బళ్లారి ఎంపీ కూడా కాంగ్రెస్ వారే, టేకూరు సుబ్రహ్మణ్యం గారు. కాబట్టి ఇది మనకు సంబంధం లేని ఢిల్లీ కథేమీ కాదు.

నెహ్రూ గారు మొదట అక్టోబరు 31న రక్షణ శాఖను తానే తీసుకుని, మేనన్ గారికి రక్షణ ఉత్పత్తుల శాఖ ఇచ్చారు. సొంత సభ్యులు దానికి ఒప్పుకోలేదు. చివరికి నవంబరు 7న మేనన్ గారు మంత్రివర్గం నుంచే వెళ్లిపోవాల్సి వచ్చింది. మర్నాడు పార్లమెంటు కూడింది. శత్రువును తరిమేదాకా పోరాడతామని 14న సభ మొత్తం తీర్మానించింది. నిలదీసినవాళ్లూ అందులో ఉన్నారు.

అలా అడిగినవాళ్లలో మహావీర్ త్యాగి గారు ఒకరు. యుద్ధానికి ముందే, అక్సాయ్ చిన్‌లో గడ్డిపరక కూడా మొలవదని నెహ్రూ గారు అంటే, త్యాగి గారు తన బట్టతల చూపించి, ఇక్కడా ఏమీ మొలవదు, దీన్నీ ఇచ్చేద్దామా అన్నట్టు అడిగారట. పార్టీ ఆయన్ని ద్రోహి అని గెంటేయలేదు. 1964లో ఆయన పునరావాస శాఖ మంత్రి అయ్యారు. 1966లో తాష్కెంట్ ఒప్పందం కింద, మన సైన్యం గెలిచిన హాజీపీర్ కనుమను తిరిగి ఇచ్చేయడం నచ్చక ఆ పదవికి రాజీనామా చేశారు.

అడిగినవాళ్లందరూ దేశం కోసమే అడిగారని నేను అనను. మేనన్ గారంటే గిట్టనివాళ్లూ, పాత పగలు తీర్చుకున్నవాళ్లూ ఉన్నారు. తప్పంతా ఆయన ఒక్కరిదే కూడా కాదు. కానీ అడిగినవాడి మనసులో ఏముందో వెతుకుతూ కూర్చుంటే, అడిగిన ప్రశ్నకు జవాబు ఎవరు చెప్పాలి?

యుద్ధం నడుస్తుండగానే అంత పెద్ద పార్టీ సొంతవాళ్ల ప్రశ్నకు తలవంచింది. మన లెక్కల పుస్తకం అంతకంటే పెద్దదా? వచ్చే సమావేశంలో ఆ తమ్ముణ్ణి ముందు వరుసలో కూర్చోబెట్టి, లెక్కంతా చదివి వినిపిద్దాం.

ఏమంటారు? మీ మాట కింద రాయండి.